యాభై ఏళ్ల పండక్కి ఒక రోజంతా ఇవ్వండి

దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం డైరెక్టర్ గారికి, నమస్కారం.

1977 అక్టోబర్ 23న మొదలైన మీ కేంద్రానికి 2027లో యాభై ఏళ్లు నిండుతాయి. ఆ రోజు శనివారం కూడాను. సభ పెట్టి, శాలువాలు కప్పి, గంట కార్యక్రమంతో సరిపెట్టకండి. పొద్దున్నుంచి రాత్రి దాకా పాత పద్ధతిలో ఒక రోజు నడపండి.

పొద్దున్నే నాదస్వరం. తర్వాత రైతుల కోసం ఒక అరగంట: శాస్త్రవేత్త పొలం గట్టు మీదే నిలబడి, వరి దుబ్బు చీల్చి కాండం తొలిచే పురుగును చూపించాలి, స్టూడియోలో కూర్చుని కాదు. మధ్యాహ్నం పిల్లలకి, సాయంత్రం ఒగ్గు కథ. ఆ వెంటనే కచేరీ వస్తే, ఒగ్గు కథ కోసం కూర్చున్నవాళ్లు కాసేపు అదీ వింటారు. రిమోట్ లేని రోజుల్లో మనకి అబ్బిన అభిరుచులు చాలావరకు అలా వచ్చినవే. రాత్రికి నాటకం, అదీ పూర్తిగా.

వార్తల ముందు శాంతి స్వరూప్ గారు చదివిన పాత బులెటిన్ ఒకటి వేయండి. టెలిప్రాంప్టర్ లేని కాలంలో ఆయన తడుముకోకుండా ఎలా చదివేవారో ఇప్పటి యాంకర్లూ చూడాలి. (మధ్యలో ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ కార్డు వేసినా ఎవరూ తిట్టుకోరు లెండి.)

పాత టేపుల్లో ఏవి బాగున్నాయో ఇప్పటి నుంచే చూడమనండి. విజయవాడ దూరదర్శన్ కేంద్రం, అదే సప్తగిరి ఛానల్ వాళ్లనూ కలుపుకోండి, 2014 దాకా అందరిదీ ఒకే ఛానల్ కదా. కార్యక్రమాల పట్టిక మాత్రం వారం ముందే ప్రకటించండి.

ఇట్లు,
ఒక పాత ప్రేక్షకుడు