సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించిన వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. వాటికి మీరంతా వచ్చారు కనుక వివరించను. ఈ ఏడాది సంఘం చేసిన అసలు పని, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఆదివారాలు నడిపిన భౌతికశాస్త్రం లెక్కల తరగతి.

ఒడిశాలోని మన పర్లాకిమిడి పిల్లల్లో చాలామందికి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. సూత్రాలు గడగడా అప్పజెబుతారు, లెక్క ఇస్తే తడబడతారు. వెయ్యి కిలోల జీపు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిజ శక్తి, అంటే కదలిక వల్ల దానికుండే శక్తి, ఎంతని మాస్టారు మొదటి తరగతిలోనే అడిగారు. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలని సూత్రం. దాదాపు అందరూ 36నే వర్గం చేసి 6,48,000 అని రాశారు. వేగాన్ని ముందు 5/18తో గుణించి సెకనుకు 10 మీటర్లుగా మార్చుకుంటే వచ్చేది 50,000 జౌళ్లే (జౌలు అంటే శక్తికి కొలమానం). సూత్రం సరైనదే, గుణకారం సరైనదే, జవాబు మాత్రం పదమూడు రెట్లు! అందుకే ప్రమాణాల మీద వారాల తరబడి కూర్చోబెట్టాం. ఇంత చిన్న విషయానికి అన్ని వారాలా అని కార్యవర్గంలోనే కొందరన్నారు. అమెరికా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో అంగారకుడి దగ్గర నాశనమైంది ఇలాగే. ఒక బృందం పౌండ్లలో ఇచ్చిన లెక్కను మరో బృందం న్యూటన్లుగా తీసుకుంది.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మన పర్లాకిమిడి. ఆగస్టు 29న ఆయన జయంతి సభలో ఈసారి ఉపన్యాసాలు తగ్గించి పిల్లల చేత లెక్కలు చేయించాం. కొలిచే టేపు, కాటా, సెల్‌ఫోన్ గడియారం, డాబా మెట్లు: సరంజామా అంతే. నలభై కిలోల అమ్మాయి మూడు మీటర్ల ఎత్తు నాలుగు సెకన్లలో ఎక్కింది. 40ని భూమ్యాకర్షణ త్వరణం 9.8తో, ఎత్తు 3తో గుణించి 4తో భాగిస్తే 294 వాట్లు. అరవై వాట్ల బల్బులు దాదాపు ఐదు వెలిగేంత అని ఆ పిల్లే మైకులో చెప్పింది. తర్వాత 1,501 మీటర్ల మహేంద్రగిరి వంతు. సముద్ర మట్టం నుంచి శిఖరం దాకా యాభై కిలోల మనిషి ఎక్కితే భూమ్యాకర్షణకు ఎదురుగా చేసే పని సుమారు 7.35 లక్షల జౌళ్లు. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. అయిదుగురు కొండెక్కితే ఒక్క యూనిట్! వెనక వరసలో పెద్దలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ల మన సభల్లో ఇంత నిండుతనం నేను చూడలేదు.

జీతం పుచ్చుకోకుండా పాఠం చెప్పిన విశ్రాంత లెక్కల మాస్టారికి, హాలు ఇచ్చిన ఇంటివారికి, పులిహోర చేసి తెచ్చిన మహిళా విభాగం వారికి, కాటా ఇచ్చిన కిరాణా షాపు యజమానికి, బహుమతులుగా కొమ్ము బొమ్మలు ఇచ్చిన కళాకారులకు సంఘం పక్షాన కృతజ్ఞతలు.

ఒక బాధ కూడా చెప్పాలి. కిందటి సమావేశంలో పాఠం చెబుతామని చేతులెత్తిన వారిలో ఎక్కువమంది గుమ్మం తొక్కలేదు. ఫోన్ చేస్తే పెళ్లిళ్లు, ప్రయాణాలు. ఆదివారం పూట బడి గది ఇప్పించమని పెట్టిన అర్జీ ఒక కార్యాలయంలో కదలకుండా ఉంది, అడిగినప్పుడల్లా వచ్చే వారం రమ్మంటున్నారు.

జమాఖర్చులు తనిఖీ అయ్యాయి, కోశాధికారి దగ్గర చూసుకోవచ్చు. చందా బాకీలు ఈ రోజే కట్టండి.

వచ్చే ఏడాది త్వరణం, ఉష్ణం లెక్కలు కూడా కలపాలని మాస్టారి కోరిక. ఆయన ఒక్కరి వల్ల కాదు. పాఠం చెప్పగలిగినవారు ఏ ఆదివారం వస్తారో తేదీతో సహా పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్లాలని మనవి.

కార్యదర్శి