గాలి దిక్కు మారిన రోజు

నాన్నగారికి నమస్కారాలు.

ఈ ఏడు చలికాలం ఇంగ్లండుకు దారి మరిచినట్టుందని పోయిన ఉత్తరంలో రాశాను. ఆ మాట తొందరపాటేనని నాలుగు రోజుల్లో తేలిపోయింది.

అక్టోబరు మూడో వారం దాకా మధ్యాహ్నాలు 18 డిగ్రీలకు తగ్గలేదు. అట్లాంటిక్ మీదుగా నైరుతి నుంచి వచ్చే తేమగాలి వల్ల రాత్రులు కూడా వెచ్చగానే ఉండేవి గనుక, నేను ఉన్నికోటు పెట్టెలోంచి తీయనే లేదు. గురువారం మధ్యాహ్నం పడమటి నుంచి నల్లటి మబ్బు గోడలా లేచి వచ్చి, ఇరవై నిమిషాలు కుండపోతగా కురిసి వెళ్ళింది. వాన వెలియగానే గాలి వాయవ్యానికి తిరిగింది. ఆకాశం కడిగినట్టు తేటపడి, అన్నాళ్ళూ మసకగా కనిపించిన దూరపు గుట్టలు చెట్టు చెట్టునూ లెక్కపెట్టవచ్చునన్నంత దగ్గరికి వచ్చినట్టయ్యాయి. సాయంత్రం ఆరింటికి మాత్రం 8 డిగ్రీలే మిగిలాయి. బరువైన చల్లగాలి వెచ్చటి గాలి కిందికి చొచ్చుకువచ్చి దాన్ని పైకి నెట్టేసినప్పుడు ఇలా జరుగుతుంది. దీన్ని కోల్డ్ ఫ్రంట్ అంటారు.

అసలు కారణం ఇంకా పైన ఉంది. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పరుగెత్తే జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఏరులాగే మెలికలు తిరుగుతూ పోతుంది; అది మాకు ఉత్తరంగా ఉన్నన్నాళ్ళూ మేము వెచ్చటి ఒడ్డున ఉన్నాం, దక్షిణానికి వంగేసరికి చలి ఒడ్డున పడ్డాం. ఈ ఋతువు ముదిరేకొద్దీ ధ్రువానికీ ఉష్ణమండలానికీ మధ్య వేడి తేడా పెరిగి ఆ ప్రవాహం జోరందుకుంటుంది కాబట్టి, ఇకమీదట అట్లాంటిక్ వాయుగుండాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఇక్కడ పెద్ద గాలివానలకు 2015 నుంచి పేర్లు కూడా పెడుతున్నారు. పేరు పెట్టినంత మాత్రాన అవి మన మాట వింటాయని కాదు.

శనివారం తెల్లవారుజామున 2 డిగ్రీలు ఉంటుందని వార్తల్లో చెప్పారు, సున్నాకు పోదు కదా అని నేను ధీమాగా పడుకున్నాను. కానీ ఆ కొలత నేలకు 1.25 మీటర్ల ఎత్తున తీసేది. మబ్బు దుప్పటి లేని, గాలి ఆడని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేసి అంతకంటే చల్లబడుతుంది. లేచి చూస్తే గడ్డిపరకల అంచులన్నీ సున్నం అద్దినట్టు తెల్లగా ఉన్నాయి. కారు అద్దం మీద మంచు ఈకల్లా అల్లుకుపోయింది, గీకడానికి పాత ప్లాస్టిక్ కార్డు వాడితే అది రెండు ముక్కలైంది. కుండీని రాత్రిపూట లోపల పెట్టమని మీరు ఫోనులో రెండుసార్లు చెప్పారు, నేను పెట్టలేదు. మధ్యాహ్నానికి ఆ మొక్క ఆకులు ఉడికించినట్టు మెత్తబడి నల్లగా వేలాడాయి.

అక్టోబరు చివరి ఆదివారం గనుక నిన్న గడియారాలు గంట వెనక్కి తిప్పాం. సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గుంకుతోంది. మీకూ మాకూ తేడా ఇప్పుడు ఐదున్నర గంటలు; పని నుంచి వచ్చి నేను చేసే ఫోను మీకు మరో గంట ఆలస్యంగా మోగుతుంది. దానికోసం మీరు మేలుకొని కూర్చోవద్దు, ఇకనుంచి ఇక్కడ తెల్లవారగానే చేస్తాను. అమ్మకు నా నమస్కారాలు చెప్పండి.

మీ కుమారుడు