ట్రాక్ మీది టైరు మన్ననూరు ఘాట్‌లో ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో, శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక ఘాట్‌లో బైకు జారి ఒక కుర్రాడికి గాయాలయ్యాయని నాలుగు లైన్ల వార్త వేశారు. 'అతివేగమే కారణం' అని రాశారు. రెండు రోజుల తర్వాత ఆ బండిని ఆటో ట్రాలీలో వేసుకొచ్చి మా షాపు ముందే దించారు. వేగంగా పోలేదని నేను అనను. పోయే ఉంటాడు. కానీ ఆ బండి వెనక చక్రానికి ఉన్నది రోడ్డు మీద నడిపే టైరే కాదు. ఎక్కడో రేసు ట్రాక్ మీద వాడేసి తీసేసిన స్లిక్, అంటే గాళ్లు లేని నున్నటి టైరు. మీ వార్తలో ఆ మాట లేదు. పోలీసుల పంచనామాలో కూడా ఉండదని నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

జడ్చర్లలో నాకు టైర్ల షాపు ఉంది. మా నాయన హైవే పక్కన లారీ టైర్లకు పంచర్లు వేసేవాడు. నేను టూ వీలర్ల వైపు మళ్లాను. మధ్యలో 2008 నుంచి మూడేళ్లు, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద 150 సీసీ బండితో రేసులకు పోయాను. కప్పులేమీ తేలేదు. ఒకసారి ఐదో స్థానం వచ్చింది, అంతే. ఆ రోజు వాడిన వెనక టైరును గుర్తుగా తెచ్చి షాపు గోడకు వేలాడదీశాను. పదిహేనేళ్లు అది అక్కడే ఉంది. ఇప్పుడు చూస్తే తప్పు అక్కడే మొదలైందనిపిస్తోంది.

ఎందుకంటే ఈ కుర్రాడు మార్చిలో మా షాపుకు వచ్చి ముందు అడిగింది ఆ టైరునే. "అన్నా, గోడకున్న స్లిక్ ఎంతకిస్తవ్?" అన్నాడు. అమ్మేది కాదన్నాను. "శ్రీశైలం రైడ్ పోతున్నం అన్నా. దాంతోని ఎంత వంచినా జారదంట గదా." ఎవరు చెప్పారంటే నవ్వాడు. పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాను. తల ఊపుతూనే ఫోన్ చూసుకున్నాడు. తర్వాత హైదరాబాద్‌లో పాత టైర్లమ్మే చోట పద్దెనిమిది వందలు పెట్టి ఒకటి కొన్నాడు, ఇంకెక్కడో ఎక్కించుకున్నాడు. కొత్త రోడ్డు టైరైతే ఐదు వేల పైనే అవుతుంది కదా, లాభమే అనుకున్నాడు పాపం.

ఆ పది నిమిషాల్లో చెప్పిందే ఇక్కడ రాస్తాను. అతను వినలేదు, మీ పాఠకుల్లో కొందరైనా వింటారేమో.

ట్రాక్ టైరు రబ్బరు బెల్లం పాకం లాంటిది. పొయ్యి మీద ఉన్నంతసేపే అంటుకుంటుంది. దించి చల్లారబెడితే గడ్డ కడుతుంది. ప్రపంచ స్థాయి బైకు రేసులాడే మోటో జీపీ వాళ్లు రేసుకు ముందు టైర్లకు కరెంటు దుప్పట్లు చుట్టి తొంభై, వంద డిగ్రీల దాకా వేడి చేసేది అందుకే. వాటిని వార్మర్లు అంటారు. మా దగ్గర వార్మర్లు లేవు. టైర్లను ఎండలో వరసగా నిలబెట్టి, ఒక పక్క కాగానే రెండో పక్కకు తిప్పేవాళ్లం, వడియాలు ఆరబెట్టినట్టు. చెన్నై ఎండ కాబట్టి కొంత పని జరిగేది.

నా మొదటి ప్రాక్టీసు ఇప్పటికీ మరిచిపోలేదు. కొత్త టైరు నల్లగా నిగనిగలాడుతోంది. అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన పూత దాని మీద ఇంకా ఉంటుందని, మొదటి రెండు ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ రెండు చుట్లు, నెమ్మదిగా తిప్పి దాన్ని గీకించాలని నాకెవరూ చెప్పలేదు. రెండో మలుపులోనే బండి కింద నుంచి జారిపోయింది. నేను ఒక పక్క, బండి ఒక పక్క. మోచేతి చర్మం లేచింది. సాయంత్రం కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక సీనియర్ రేసర్ నన్ను పిలిచాడు. ఆయనకు తెలుగు రాదు, నాకు తమిళం రాదు. అప్పుడే ప్రాక్టీసు ముగించి వచ్చిన తన బండి టైరు మీద నా అరచెయ్యి పెట్టించాడు. రెండు క్షణాలు కూడా ఉంచలేకపోయాను. ఆ టైరు అంచుల దాకా రబ్బరు ముక్కలు అంటుకుని, మేక పెంటికలు చల్లినట్టుంది. తర్వాత నా టైరు మీద పెట్టించాడు. గోరువెచ్చగా ఉంది. ఇంకేమీ చెప్పలేదు, వెళ్లిపోయాడు. రోడ్డు మీద మన బండి టైరు ఎప్పుడూ ఆ గోరువెచ్చని దగ్గరే ఉంటుంది. రోడ్డు టైరు రబ్బరు ఆ వేడిలోనే పట్టు ఇచ్చేట్టు చేస్తారు. స్లిక్ అలా చేసింది కాదు.

గాలి సంగతి మరో కథ. రోడ్డు మీద ముందు 25, వెనక 28 పెట్టే బండికి ట్రాక్ మీద నాలుగైదు తక్కువ పెట్టి పంపేవాళ్లం. తిరిగేకొద్దీ టైరు కాగి లోపల గాలి పెరుగుతుంది కాబట్టి. రాగానే వేడి మీదే కొలిచి నోటుబుక్కులో రాసుకోవాలి. నేను ఒకసారి బద్ధకించి రాయలేదు. మర్నాడు రేసులో ఆరు ల్యాపులు బండి ఎందుకు ఊగుతోందో తెలియక చచ్చాను. ఇది చిన్న రేసర్ల చాదస్తం అనుకోకండి. 2025లో థాయిలాండ్ మోటో జీపీలో ముందు పోతున్న మార్క్ మార్కెజ్ కావాలనే నెమ్మదించి తమ్ముడు అలెక్స్‌ను ముందుకు పోనిచ్చాడు. ఎందుకంటే ముందు టైరులో గాలి నిబంధన కంటే తక్కువగా ఉంది. ఇంకో బండి వెనక పోతే ముందు టైరుకు గాలి తగలడం తగ్గి వేడెక్కుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. పెరిగేదాకా వెనకే ఉండి, చివర్లో దాటి గెలిచాడు. మా షాపు కంప్రెసర్ దగ్గర మాత్రం "ఎంతో ఒకంత కొట్టు అన్నా" అంటారు.

మార్కెజ్ పేరు వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2013లో ఆస్ట్రేలియా ఫిలిప్ ఐలాండ్ ట్రాక్‌కు కొత్తగా తారు వేశారు. ఆ తారు టైర్లను తినేస్తోందని రేసును 19 ల్యాపులకు కుదించి, ఒక టైరు మీద పది ల్యాపులకు మించి తిరగొద్దని, మధ్యలో బండి మార్చాల్సిందేనని పెట్టారు. మార్కెజ్ ఒక్క ల్యాపు ఎక్కువ తిరిగాడు. నల్ల జెండా చూపించి రేసులోంచే తీసేశారు. కంపెనీ ఇంజినీర్లు దగ్గరుండి చూసే టైరుకే ల్యాపులు లెక్కపెట్టారు. ఎవరు, ఎక్కడ, ఎన్ని ల్యాపులు తిప్పారో తెలియని టైరును మనవాళ్లు పెళ్లాం పిల్లలను ఎక్కించుకుని తిరిగే బండికి వేస్తున్నారు. కాగి, చల్లారి, మళ్లీ కాగిన కొద్దీ ఆ రబ్బరు గట్టిపడిపోతుంది. ఈ కుర్రాడి టైరును గోటితో నొక్కి చూశాను. గోరు దిగలేదు. పక్కన అచ్చువేసిన నాలుగంకెలు 1819. అంటే 2019లో పద్దెనిమిదో వారం తయారైంది. ఆరేళ్లు దాటిన టైరు. రోడ్డు మీద వాడరాదని ఇంగ్లిషులో అచ్చువేసి ఉన్న చోట ఎవరో రుద్దేశారు, సగం అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి.

దానికంటే నన్ను ఆపింది ఇంకొకటి. దాని మీద గాళ్లు ఉన్నాయి. ఎవరో చేత్తో కోశారు. మా నాయన అరిగిన లారీ టైర్లకు వేడి బ్లేడుతో గీతలు కోయడం చిన్నప్పటి నుంచి చూశాను కాబట్టి చూడగానే తెలిసింది. లారీ టైరు రబ్బరు మందం, కోయడానికి అందులో చోటుంటుంది. స్లిక్‌కు పైన రబ్బరు పొర పలచన. కొన్ని చోట్ల బ్లేడు లోపలి దారాల దాకా పోయింది. కొనేవాడికి రోడ్డు టైరులా కనిపించాలని చేసిన పని ఇది. అమ్మినవాడు తెలిసే చేశాడు.

ఇంతకీ టైరుకు గాళ్లు ఎందుకు? నీళ్లు పోవడానికి. మడికి కాల్వ తీయకపోతే నీళ్లు నిలిచినట్టు, గాళ్లు లేని టైరు కింద నీళ్లు నిలుస్తాయి. అప్పుడు టైరు నడిచేది రోడ్డు మీద కాదు, నీళ్ల మీద. ట్రాక్ మీద వాన పడితే స్లిక్‌లు విప్పేసి వాన టైర్లు ఎక్కించేది అందుకే. కుర్రాళ్లు రేసు అంటే నున్నటి టైరే అనుకుంటారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటుతో నడిచే ఫార్ములా-ఈ రేసు కార్లు పరుగెత్తాయి కదా. వాటివి గాళ్లున్న టైర్లే. ఎండలోనూ వానలోనూ అవే.

మే నెలలో కల్వకుర్తి రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం స్లిక్‌తో పోతే నిజంగానే పట్టు ఉంటుంది. ఆ మాట దాచను. ఆ కుర్రాడు కూడా రెండు నెలలు హాయిగా తిరిగాడు. "చూసినవా అన్నా, ఏం కాలే" అని ఒకసారి షాపు ముందు ఆగి మరీ చెప్పి పోయాడు. జూన్‌లో డిండి దాటేదాకా పొడి రోడ్డే. హాజీపూర్ దగ్గర తుంపర మొదలైంది. అడవిలోకి పోయేసరికి రోడ్డు తడిసి, ఆకులు పడి ఉన్నాయి. మన్ననూరు దాటి ఫర్హాబాద్ పోయే దారిలో రెండో మలుపులోనే పడ్డాడట. భుజం దగ్గర ఎముక విరిగింది. ఎదురుగా బస్సు రాకపోవడం అదృష్టం.

అతన్ని తిట్టే అర్హత నాకు లేదు. 2009లో నేనూ అదే పని చేశాను. ట్రాక్ దగ్గర తీసేసిన రెండు టైర్లను గోనెసంచిలో కట్టి, కాచిగూడ రైల్లో తెచ్చుకుని, మహబూబ్‌నగర్‌లో దిగి, ఇంటికి పోగానే సొంత బండికి ఎక్కించాను. నాయన వద్దన్నాడు. వినలేదు. రెండు వారాలు ఊళ్లో నా అంత మొనగాడు లేడు. తొలకరి పడిన సాయంత్రం బాదేపల్లి మార్కెట్ యార్డు ముందు, వేరుశనగ బస్తాలు దించుతుంటే దారి ఇవ్వడానికి బ్రేకు కొట్టాను. ముప్పై స్పీడు కూడా లేదు. బండి ఎప్పుడు పడిందో కూడా తెలియలేదు. హమాలీలు లేపి, "ఏం రేసర్ సాబ్, గిదేనా ఫినిషింగ్?" అన్నారు. మోకాలికి ఆ మచ్చ ఇంకా ఉంది. షాపుకు వచ్చే కుర్రాళ్లకు గోడ మీది టైరును చూపించాను గానీ, మోకాలు చూపించలేదు.

ఇక నేను కోరేది. మన దగ్గర బండి ఆపితే హెల్మెట్, లైసెన్సు, ఇన్సూరెన్సు చూస్తారు. మంచిదే. టైరు వైపు వంగి చూసిన అధికారిని నేను ఇంతవరకు చూడలేదు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 94వది టైర్ల గురించే. టూ వీలర్‌కు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. కొలవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. గాడి అడుగున చిన్న గట్టు ఉంటుంది, రబ్బరు అరిగి దానికి సమానమైతే టైరు పనైపోయినట్టే. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడటానికి అరనిమిషం. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఎలాగూ ఆగుతాయి. వానాకాలం నాలుగు నెలలు ఆదివారాలైనా అక్కడ ఒకరు నిలబడి టైర్లు చూస్తే బాగుంటుంది. పిలిస్తే నేను వస్తాను, డబ్బులేమీ వద్దు. ఆదివారం షాపు మా తమ్ముడు చూసుకుంటాడు.

వంచి నడపాలని మరీ కోరికగా ఉన్నవాళ్లు ఇరుంగట్టుకోట్టైకో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో పోండి. అక్కడ ఎదురుగా బస్సు రాదు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. ఖర్చవుతుంది, నిజమే. నేను మూడేళ్లలో మానేసింది కూడా ఖర్చుకే.

గోడ మీది స్లిక్‌ను పోయిన ఆదివారం దించి రెండుగా కోశాను. ఒక సగం షాపు గేటు స్తంభానికి కొట్టాను, లారీలు రివర్స్ వచ్చినప్పుడు తగులుతున్నాయి. రెండో సగం పక్కింటివాళ్లు బర్రె కుడితి తొట్టి కింద పెట్టుకుంటామని తీసుకుపోయారు.

మీకు ఒక్క మనవి. ఇకమీదట బైకు ప్రమాదం ఫోటో తీయడానికి మీ విలేకరి పోయినప్పుడు, ఆ రెండు టైర్లను కూడా పక్క నుంచి దగ్గరగా ఒక ఫోటో తీయమనండి. నాలుగంకెలు కనిపించాలి. చదవడం తెలియకపోతే నాకు పంపండి, చూసి చెబుతాను.

ఇట్లు
మీ పాఠకుడు, టైర్ల షాపు,
జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా