గీజరు పొగ గొట్టాలకు ఎడం ఏది?

సంపాదకులకు నమస్కారం.

నిరుడు పుష్యమాసపు చలిలో, హన్మకొండలోని మా అపార్ట్‌మెంటులో స్నానానికి వెళ్లిన మా కోడలు ఎంతసేపటికీ బయటికి రాకపోతే, గడియ పగలగొట్టి చూశాం. స్పృహ లేకుండా పడి ఉంది. ఆసుపత్రిలో వేలికి పెట్టిన ఆక్సీమీటరు 98 చూపేసరికి నీరసమే కాబోలు అనుకున్నాం. ఇంట్లో గ్యాస్ గీజరు ఉందా అని డ్యూటీ డాక్టరు అడగకపోతే అసలు సంగతి బయటపడేదే కాదు. గీజరు పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుందనీ, అలాంటి రక్తాన్ని మామూలు ఆక్సీమీటరు మంచి రక్తంగానే లెక్కిస్తుందనీ ఆయనే చెప్పారు. అమ్మాయి కోలుకుంది.

మా గీజరు స్నానాల గదిలో లేదు, వాష్ ఏరియాలో ఉంది. పొగ గొట్టం కూడా ఉంది. అందువల్లే మాకు ఏనాడూ అనుమానం కలగలేదు. తర్వాత నిచ్చెన ఎక్కి చూస్తే, 80 డిగ్రీల వేడికే మెత్తబడే పీవీసీ ఫాల్స్ సీలింగును ఆనుకుని ఆ అల్యూమినియం గొట్టం సాగింది. ఆనిన చోటల్లా పలకలు కమిలి ఉన్నాయి. గొట్టం చివర అన్ని అంతస్తుల స్నానాల గదుల వెంటిలేటర్లు తెరుచుకునే డక్టులోకి, అంటే గాలి కోసం విడిచిన నిలువు సందులోకి ఉంది. కోతుల బాధ పడలేక రెండేళ్ల కిందట మేమే ఆ డక్టు నెత్తిన రేకు కప్పించుకున్నాం. పైకి పోయే దారి మూసుకుపోయిన పొగ వెంటిలేటరు గుండా తిరిగి లోపలికి వచ్చింది. సిలిండరు గ్యాసు కారితే తెలియడానికి అందులో వాసన కలుపుతారు గానీ, ఈ విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు.

గొట్టం అమర్చిన మనిషిని తప్పుపట్టి ప్రయోజనం లేదు, ఎంత ఎడం ఉంచాలో అతనికి ఎవరూ చెప్పలేదు. అమెరికా గ్యాస్ నియమావళిలో ఒంటి పొర రేకు గొట్టానికీ కాలే స్వభావమున్న వస్తువుకూ నడుమ 6 అంగుళాలు, రెండు పొరల బి-రకం గొట్టానికి 1 అంగుళం ఎడం ఉండాలని రాసి ఉంది. ఫ్యాను సాయంతో పొగ పంపే గొట్టం చివర కిటికీకి పక్కగా గానీ దిగువన గానీ 4 అడుగుల దూరంలో, లేదా 1 అడుగు ఎత్తున ఉండాలి. అక్కడి ఇళ్లు వేరే, గీజర్లు వేరే అనవచ్చు, కానీ వేడికీ పొగకూ ఊరుభేదం లేదు.

మా ఇంటికి తనిఖీకి వచ్చిన గ్యాస్ ఏజెన్సీ మనిషి పొయ్యి, రెగ్యులేటరు చూసి, రబ్బరు ట్యూబు ఐదేళ్లకోసారి మార్చాలని గుర్తుచేసి వెళ్లాడు. గీజరు వైపు చూడలేదు. ఆ తనిఖీలో పొగ గొట్టాన్నీ చేర్చాలని మనవి. వరంగల్ మహానగర పాలక సంస్థ అపార్ట్‌మెంట్లకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు, గీజరు గొట్టం ఆరుబయటికి పోయేందుకు గోడలో దారి విడిచారా, డక్టు పైభాగం తెరిచి ఉందా అన్నది చూడాలి. భవన నిర్మాణ అనుమతులకు సంబంధించిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం కింద స్వీయ ధ్రువీకరణతో అనుమతి పొందే చిన్న ఇళ్లకైతే ఆ పత్రంలోనే ఈ విషయం ఒక వాక్యంగా చేర్చవచ్చు, దానికి పెద్ద ఖర్చేమీ లేదు. దసరా వెళ్లగానే గీజర్ల అమ్మకాలు మొదలవుతాయి కనుక ఆలోపే ఈ పని జరగాలి.

మేము గొట్టాన్ని సీలింగుకు ఎడంగా దించి, కిటికీలు లేని రోడ్డు వైపు గోడ గుండా బయటికి తిప్పించాం. డక్టు మీది రేకు తీయించి ఇనుప జాలీ బిగించాం. పై అంతస్తు వారి గీజరు గొట్టం మాత్రం ఇప్పటికీ ఆ డక్టులోనే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హన్మకొండ