ఇంటి క్యాలెండరులో కుక్కపిల్ల తేదీలేవి?

సంపాదకులకు నమస్కారం.

జనవరిలో కొత్త క్యాలెండరు గోడకెక్కగానే ఇంటిల్లిపాది తేదీలూ దాని మీదకి చేరతాయి. పాప అన్నప్రాశన, అబ్బాయి ఇంటర్ పరీక్షలు, గృహప్రవేశం, తాతగారి షష్టిపూర్తి, పెద్దమ్మాయి వీసా ఇంటర్వ్యూ. ఏడాది చివర్లో బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టే ఫొటోల్లో ఇంటి కుక్కో పిల్లో ముందు వరసలో కూర్చుంటుంది గానీ, ఆ క్యాలెండరులో దాని పేరు ఒక్క గడిలోనూ కనపడదు. పశువైద్యం తెలిసినవాళ్లుగా మేం చెప్పదలచుకున్నది ఒకటే. ముద్దుకు లోటులేని ఇళ్లలో కూడా జంతువులు ఇబ్బంది పడుతున్నాయంటే, ఇంట్లో జరిగే ప్రతి వేడుకకూ వాటి తరఫున కొన్ని వారాల ముందే మొదలుపెట్టాల్సిన పని ఒకటి ఉండటమూ, అది ఎవరికీ గుర్తుండకపోవటమూ కారణం.

పుట్టినరోజు కానుకతోనే మొదలుపెడదాం. పుట్టినరోజు పదో తారీఖని, ఆ రోజుకి చేతిలో ఉన్న పిల్లను కొనేస్తారు. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నియమాల ప్రకారం 8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. అమ్మేవాళ్లు ‘45 రోజులు నిండాయండీ’ అంటూ నెల పిల్లను చేతిలో పెడతారు. అసలు 45 రోజులు నిండినా చాలదు. నోరు తెరిచి చూస్తే సంగతి కొంత తెలుస్తుంది. పాలపళ్లు మూడో వారం నుంచి రావటం మొదలై, ఎనిమిది వారాలకు దాదాపు 28 పళ్లూ వచ్చేస్తాయి. ముందు పళ్లు ఇంకా చిగురు దాటుతూనే ఉంటే ఆ పిల్ల తల్లి దగ్గరే ఉండాలి. తొందరగా వేరుచేసిన పిల్ల ఎంత గట్టిగా కరవవచ్చో తోటి పిల్లల దగ్గర నేర్చుకోదు. తర్వాత ఇంట్లో పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది.

టీకాల దగ్గర ఎక్కువ కుటుంబాలు తప్పటడుగు వేస్తాయి. ‘ఒక ఇంజెక్షన్ అయిపోయింది’ అని పిల్లను వీధిలోకి తీసుకెళ్తారు. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ పిల్ల రక్తంలో కొన్ని వారాలు ఉంటుంది. అది ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. అది ఎప్పుడు పోతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, 3–4 వారాలకొకసారి చొప్పున 16 వారాలు నిండేదాకా పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బులకు టీకాలు వేస్తూపోవాలి. ఆఖరి డోసు తర్వాత రెండు వారాలు గడిచేదాకా వీధి నడక వద్దు. రేబిస్ టీకా 12 వారాలు నిండాక. టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డకట్టకూడదు. మందుల షాపులో కొని, ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టి తెచ్చిన టీకా వేయించినా వేయించనట్టే. టీకా సీసా మీద ఉండే స్టిక్కరును టీకా పుస్తకంలో అతికించమని అడగండి. అడిగితే ఎవరూ కాదనరు.

పార్వోతో పిల్ల చనిపోయిన ఇంట్లో మరో దారుణం జరుగుతుంది. పిల్లాడి ఏడుపు చూడలేక వారం తిరక్కుండా ఇంకో కుక్కపిల్లను తెస్తారు. అది కూడా రక్తవిరేచనాలతో పోతుంది. నెత్తురు కలిసిన ఆ విరేచనంలో ఉండే వైరస్ నేల మీద, పెరటి మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదిదాకా బతుకుతుంది. ఫినాయిల్‌కు లొంగదు. ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపి, ముందు నేలను సబ్బుతో కడిగి, ఆ తర్వాత ఇది పోసి పది నిమిషాలు తడిగా ఉంచితే గచ్చు శుభ్రమవుతుంది. మట్టిని అలా శుభ్రం చేయలేం. అలాంటి ఇంటికి టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కే తగినది.

నట్టల మందు గురించి రెండు మాటలు. పుట్టిన రెండో వారం నుంచి మూడు నెలలదాకా పదిహేను రోజులకోసారి, ఆరు నెలలదాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. బరువు తూచి వేయాలి, కళ్లంచనాతో కాదు. ఇంట్లో పాకే పసివాళ్లు ఉంటే దీన్ని ఒక్కసారి కూడా దాటవేయొద్దు.

రేబిస్ సంగతి మనుషుల వైపు నుంచీ చెప్పాలి. ‘మన కుక్కే కదా, టీకా వేయించాం కదా’ అని పిల్లవాడి చేతి మీది గాటుకు పసుపో సున్నమో కారమో అద్దే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అవేవీ పెట్టకూడదు. కుళాయి కింద సబ్బుతో గడియారం చూసుకుని 15 నిమిషాలు కడగాలి. తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28వ రోజుల్లో టీకా. నెత్తురు వచ్చిన గాయమైతే గాయం చుట్టూ, వెంటనే రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ మందు కూడా ఎక్కించాలి. బొడ్డు చుట్టూ సూదులు పొడిచే కాలం ఎప్పుడో పోయింది. ఆ భయంతో దాచిపెట్టే పిల్లలకు ఈ మాట ముందే చెప్పి ఉంచాలి. లక్షణాలు మొదలయ్యాక ఈ జబ్బు నుంచి దాదాపు ఎవరూ బయటపడరు.

వేసవి పెళ్లిళ్ల కాలం, పిడుదుల కాలం కూడా. కొన్నిచోట్ల వీటిని గోమార్లంటారు. కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే. మిగతావన్నీ గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక, మంచం కోళ్ల కింద గుడ్లుగా, పిల్లలుగా ఉంటాయి. అందుకే కుక్కకు మాత్రమే మందు పూసినవాళ్లు ‘మందు పనిచేయలేద’ని మూడో వారానికి తిరిగి వస్తారు. ఒంటికి మందు, గోడలకు మందు ఒకే రోజు మొదలుపెట్టి, రెండు మూడు నెలలు వరసగా చేయాలి. కుక్క తిండి మానేసి జ్వరంతో ముడుచుకున్నా, చిగుళ్లు తెల్లబడినా, ముక్కు నుంచి నెత్తురు కారినా అది పిడుదుల జ్వరం కావచ్చు. రక్తపరీక్ష అదే రోజు చేయించాలి. పిడుదుల వల్ల సోకే ఎర్లీకియా అనే జబ్బని తేలితే డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు. నాలుగో రోజుకే కుక్క లేచి తిరుగుతుంది, పెళ్లి పనుల్లో పడి మాత్రలు ఆపేస్తారు. అణగినట్టున్న జబ్బు తర్వాత ఎముక మజ్జను పట్టుకుంటుంది. ఇంకో హెచ్చరిక: కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ అనే పిడుదుల మందును పిల్లికి చుక్క కూడా పూయకండి, పిల్లికి అది విషం. జ్వరమొచ్చిందని మన పారాసిటమాల్ బిళ్ల సగం విరిచి వేసినా పిల్లి ప్రాణానికే ముప్పు.

ఇంట్లో తొలి కాన్పు అనగానే పిల్లిని ఎక్కడో వదిలేసి రావటం మామూలైపోయింది. పిల్లి మలంలో ఉండే, కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి గురించి ఎవరో సగం చెబుతారు, మిగతా సగం భయం చెబుతుంది. ఆ సూక్ష్మజీవి మలంతో బయటికి వచ్చాక ఇతరులకు అంటుకునే దశకు చేరటానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి మట్టి ట్రేను రోజూ శుభ్రం చేస్తే చాలావరకు ముప్పు తప్పినట్టే. ఆ పని గర్భిణి కాకుండా ఇంట్లో ఇంకొకరు చేయాలి. పిల్లిని బయట వేటకు వదలకుండా, వండిన తిండే పెట్టాలి. ఈ జబ్బు సరిగా ఉడకని మాంసం నుంచి, కడగని కూరగాయల నుంచి కూడా వస్తుంది. పిల్లిని గెంటేసిన ఇంట్లో ఆ రెంటినీ ఎవరూ పట్టించుకోరు!

కొత్త ఫ్లాటులోకి మారేవాళ్లు పాలు పొంగించేలోపే బాల్కనీకి వల కట్టించుకోవాలి. ఐదో అంతస్తు నుంచి పావురం కోసం దూకే పిల్లులు కథల్లో మాత్రమే ఉండవు. సామాన్లు సర్దే వారం పిల్లిని ఒకే గదిలో, దాని పాత గుడ్డలతో సహా ఉంచాలి. లేకపోతే తలుపు తెరవగానే పాత ఇంటిని వెతుక్కుంటూ పోతుంది.

పండగల సంగతి క్లుప్తంగా. పాయసంలోని కిస్‌మిస్, కేకులోని చాక్లెట్, కూరలోని ఉల్లి కుక్కకు పనికిరావు. ఎండు ద్రాక్ష కొద్దిపాటిదైనా కొన్ని కుక్కల కిడ్నీలను పాడుచేస్తుంది. విస్తరిలో మిగిలిన కోడి ఎముకలు ఉడికినవి కాబట్టి సూదుల్లా చీలతాయి. దీపావళికి సాయంత్రం నడకను మధ్యాహ్నానికి జరపండి, మెడపట్టీకి ఫోన్ నంబరు బిళ్ల తగిలించండి, కిటికీలు మూసిన లోపలి గదిలో ఫ్యానూ టీవీ పెట్టి ఉంచండి. నిద్రమందు కోసం అడిగేవాళ్లకు ఒక మాట. మామూలుగా వాడే ఏస్‌ప్రోమజైన్ కదలకుండా పడుకోబెడుతుందే గానీ భయాన్ని తగ్గించదు. భయం తగ్గించే మందులు వేరే ఉన్నాయి, వాటిని పండక్కి ముందే ఒకసారి ఇచ్చి చూసుకోవాలి.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు రైల్లో కుక్కను స్లీపర్‌లోగానీ, ఏసీ టూటైర్, త్రీటైర్‌లలోగానీ తీసుకెళ్లనివ్వరు. ఏసీ ఫస్ట్ క్లాసులో గది మొత్తం మీ ఒక్క కుటుంబానికే దక్కితే వెంట ఉంచుకోవచ్చు. కాకపోతే ఆ గది దక్కిందో లేదో చార్టు తయారయ్యాకే తెలుస్తుంది. లేదంటే గార్డు ఉండే బ్రేక్‌వ్యాన్ పెట్టెలోని కుక్కల డబ్బా. వేసవిలో ఆ డబ్బా ప్రయాణం మేం ఎవరికీ చెప్పం. టీకా పుస్తకం, పశువైద్యుడి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు పట్టుకుని పార్సిల్ ఆఫీసుకు చాలా ముందుగా వెళ్లాలి. కుక్కను వసతి కేంద్రంలో వదలదలిస్తే కెన్నెల్ కాఫ్ (కుక్కల మధ్య అంటుకునే దగ్గు) టీకా కనీసం రెండు వారాల ముందు పడాలి, అంటే భోగి కోసం డిసెంబరులోనే. అక్వేరియం చేపలకు పక్కింటివాళ్లను కాపలా పెట్టకండి. పెద్ద చేపలు నాలుగైదు రోజులు తిండి లేకుండా ఉండగలవు. జాలిపడి పిడికెడు మేత వేసేవాళ్ల వల్లే నీళ్లలో అమ్మోనియా పెరిగి చస్తాయి.

ఇక తెలుగు కుటుంబాలకు బాగా తగిలేది విదేశీ ప్రయాణం. అబ్బాయి ఉద్యోగం ఖాయమై, టికెట్లు కొన్నాక కుక్క సంగతి మొదలవుతుంది. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. అమెరికాకు 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. కుక్కకు ఆరు నెలలు నిండాలి, చర్మం కింద గుర్తింపు మైక్రోచిప్ ఉండాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు: చిప్ వేసిన తర్వాత వేసిన రేబిస్ టీకాకే విలువ. ముందు టీకా, తర్వాత చిప్ అయితే ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయించాలి. ఆపైన 30 రోజులు ఆగి, అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ఆమోదించిన ల్యాబుకు రక్తం పంపి, టీకా రక్షణ రక్తంలో ఎంత ఉందో చెప్పే టైటర్ పరీక్ష చేయించాలి. రక్తం తీసిన రోజు నుంచి అమెరికాలో దిగే రోజుకు కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. టైటర్ లేకపోతే అక్కడ సొంత ఖర్చుతో 28 రోజుల క్వారంటైన్. టైటర్ ఉన్నా, సీడీసీ నమోదు చేసిన జంతు సంరక్షణ కేంద్రమున్న విమానాశ్రయంలోనే దిగాలి, అందులో చోటు ముందే బుక్ చేసుకోవాలి. జీవితంలో ఒకే ఒక్క టీకా పడిన కుక్కలు టైటర్‌లో తప్పుతుంటాయి. మూడు నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు వేయించి, ఆ తర్వాత రక్తం తీయించటం మేలు.

బ్రిటన్, యూరప్ దేశాలకైతే టైటర్ 0.5 యూనిట్లు లేదా ఆపైన రావాలి, రక్తం తీశాక మూడు నెలలు ఆగాలి. బ్రిటన్‌కు అదనంగా దిగే ముందు 24 నుంచి 120 గంటల మధ్య బద్దెపురుగు మందు పడాలి. ఆస్ట్రేలియా నేరుగా ఇండియా నుంచి కుక్కనూ పిల్లినీ రానివ్వదు, ఆమోదించిన మూడో దేశంలో నెలల తరబడి ఉంచి తీసుకెళ్లాలి. ఎక్కడికైనా బయల్దేరే ముందు కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయం ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, హైదరాబాదులో ఆ కార్యాలయం ఉంది. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులను వేడి నెలల్లో చాలా ఎయిర్‌లైన్లు కార్గోలో తీసుకోవు. మొత్తం కలిపితే అమెరికాకు నాలుగు నెలలు, యూరప్‌కు ఆరు నెలలు చేతిలో ఉండాలి. ఇంట్లో ఎవరైనా జీఆర్ఈకి చదవటం మొదలుపెట్టిన రోజే కుక్కకు చిప్ వేయిస్తే నష్టమేమీ లేదు.

ఈ లెక్క తప్పినవాళ్లు కుక్కను తాతయ్య, అమ్మమ్మల దగ్గర వదులుతారు. అదీ కుదరకపోతే ఔటర్ రింగు రోడ్డు పక్కన కారు తలుపు తీస్తారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అది నేరమే. మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. కాలక్రమంలో మారని ధర ఇదొక్కటే అనుకుంటాం.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. ఏటా జులై 6న, ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ వార్త చాలాసార్లు 7వ తేదీన, అధికారి చేతిలో కుక్కపిల్లతో ఫొటోగా వస్తుంది. అది 1వ తేదీన జిల్లా పేజీలో, ఏ ఆసుపత్రిలో ఏ సమయానికి వేస్తారో వివరంగా రావాలి. టీకా పుస్తకం వెంట తెచ్చుకోమని, మూడు నెలలు నిండని పిల్లలను తేవద్దని, గొలుసు లేకుండా ఏ కుక్కనూ తీసుకురావద్దని మూడు వాక్యాలు కూడా కలిపితే, ఆ రోజు పొద్దున్నే లైన్లో జరిగే కుక్కల పోట్లాటలు సగం తగ్గుతాయి.

– పశువైద్య రంగంలో పనిచేస్తున్న కొందరు పాఠకులు, హైదరాబాదు