మా ఊరి రాతి చర్చికి సిమెంటు పూసేలోపు ఒక ఇంజనీరును పంపండి

సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరులో ఉంటాను, మా సొంతూరు పల్నాడులో. అక్కడ మా తాతల కాలం నాటి రాతి చర్చి గోడ ఒకవైపు ఉబ్బింది, వానొస్తే లోపల కారుతోంది. సంఘపెద్దలు మేస్త్రీలను పిలిపిస్తే అందరూ ఒకే మాట చెప్పారు: పాత సున్నం చెక్కేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేయండి, లేదా మొత్తం పడగొట్టి స్లాబు వేసుకోండి అని. పెద్దల్ని నేను తప్పుపట్టను. వాళ్ల చేతిలో ఉన్నది కానుకల డబ్బు, పైగా క్రిస్మస్‌కి సగం జనం బయటే నిలబడాల్సి వస్తోంది, రాతి కట్టడం బాగుచేసే పద్ధతి ఇదీ అని చెప్పే మనిషి ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు.

నా టెన్షనంతా ఆ సిమెంటు గురించే. నాపరాళ్లు పేర్చి గానుగ సున్నంతో కట్టిన గోడలవి. సున్నం లోపలి తేమను బయటికి పోనిస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి, ఉప్పు పేరుకుని, రాయి పొరలుగా రాలిపోతుంది, ఆ తర్వాత పడగొట్టడం తప్ప దారి ఉండదు. సున్నానికి పేరున్న పిడుగురాళ్లను దగ్గర పెట్టుకుని కూడా సున్నం పని తెలిసిన మనిషి కోసం వెతుక్కోవాల్సి రావడం బాధగా ఉంది.

అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ గారు 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టారు, అప్పటి కలెక్టర్ స్టోక్స్ ఆయనకు అండగా నిలిచారు. 1849లో ఆయన గురజాల వెళ్లి పల్నాడులో పని మొదలుపెట్టారు. గుంటూరులో 1885లో మొదలైన ఆంధ్ర క్రిస్టియన్ (ఏసీ) కాలేజీ, అక్కడి కుగ్లర్ ఆసుపత్రి అందరికీ తెలుసు, అదే మిషన్ పనికి ఊళ్లలో గుర్తుగా మిగిలిన ఇలాంటి చర్చిల్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. మా చర్చిలో ఆదివారం ఆరాధన, మిగతా రోజులు బడి. మాల, మాదిగ పిల్లల్ని ఊరిబడి గడప తొక్కనివ్వని రోజుల్లో మా నాయనమ్మ అక్షరాలు దిద్దింది ఆ రాతి నేల మీదే. సెంటు భూమి లేని కుటుంబాలకు పట్టా ఎక్కడిది, దస్తావేజు ఎక్కడిది? వాళ్ల తాతముత్తాతల పేర్లు దొరికేది ఆ బాప్తిస్మం రిజిస్టర్లలోనే. ఇప్పుడవి బీరువాలో చెదలు పడుతున్నాయి.

కొండవీడు కోటకు ఘాట్ రోడ్డు వేశారు, సంతోషం. మా ఊరికి అంత అక్కర్లేదు. పాత కట్టడాల్ని కాపాడటానికి రాష్ట్రానికి 1960 నాటి చట్టం ఉంది, పురావస్తు శాఖ ఉంది. ఆ శాఖ నుంచి సున్నం పని తెలిసిన ఒక ఇంజనీరు వచ్చి గోడ, పైకప్పు చూసి, ఏం చేయాలో, ఎంత అవుతుందో తెలుగులో రాసిస్తే చాలు. ఖర్చు మేం చందాలు వేసుకుంటాం. రిజిస్టర్లను మాత్రం ప్రభుత్వమే స్కాన్ చేయించాలి, అది మా వల్ల అయ్యే పని కాదు. అలాగే గుంటూరు, పల్నాడు ఊళ్లలో వందేళ్లు దాటిన చర్చి, మసీదు, గుడి, పాత బడి ఏదైనా సరే, పడగొట్టే ముందు ఒకసారి మీ శాఖవాళ్లు వచ్చి చూసేలా కలెక్టర్లకు ఉత్తర్వు ఇవ్వండి.

వానలు మొదలైతే ఆ గోడ ఆగేలా లేదు. ఈలోపే ఎవరినైనా పంపండి. తాళాలు సంఘపెద్దల దగ్గరున్నాయి, మీవాళ్లు ఏ రోజు వచ్చినా తీస్తారు.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక పల్నాటి బిడ్డ