వకీలు గారి సంస్మరణలో ఏం రాయాలి, ఏం రాయకూడదు

సంపాదకులకు,

విశ్రాంత న్యాయవాదులు కన్నుమూసినప్పుడు అచ్చయ్యే సంస్మరణలు చాలావరకు ఒకే మూసలో పోసినట్టుంటాయి. వేలాది కేసులు గెలిచారు, పేదల పక్షాన నిలిచారు, ఉత్తమ భర్త, ఉత్తమ తండ్రి. పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది. అసలు గెలుపుల లెక్క రాసిపెట్టుకునే వకీలు ఎక్కడున్నాడు? మధ్యలో రాజీ అయినవి, పైకోర్టులో తారుమారైనవి ఏ ఖాతాలో వేస్తారు?

ముందు తేదీలు సరిచూడాలి. పట్టా చేతికొచ్చిన ఏడు వేరు, సన్నదు (వకీలుగా ప్రాక్టీసు చేసేందుకు ఇచ్చే నమోదు పత్రం) తీసుకున్న తేదీ వేరు, సీనియర్ దగ్గర నుంచి బయటికొచ్చి సొంత బోర్డు కట్టిన ఏడు వేరు. ఇంట్లో ఈ మూడూ కలిసిపోయి ఒకటే అంకెగా మిగులుతాయి. మొదటి రెండింటికీ కాగితాలుంటాయి, మూడోది పాత గుమాస్తాను అడగాలి. ‘రిటైరయ్యారు’ అన్న మాటా అంతే. సొంత ప్రాక్టీసు చేసే వకీలుకు ఉద్యోగిలా విరమణ తేదీ ఉండదు. కోర్టుకెళ్లడం మానేశారా, కొత్త వకాలతులు పుచ్చుకోవడం మానేశారా, కేసు కట్టలు జూనియర్లకిచ్చి సలహాలు మాత్రం చెప్పారా అన్నది తేల్చి రాయాలి.

పనితీరు తెలియాలంటే ఎదుటి పక్షాన వాదించినవారిని అడగాలి. క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, సాక్షి మీద గొంతు పెంచేవారా, ఊరికే వాయిదాలు అడిగేవారా అన్నది వారు చెప్పినంత కచ్చితంగా శిష్యులు చెప్పలేరు. లా రిపోర్టుల్లో అచ్చయిన తీర్పుల్లో ఇరుపక్షాల వకీళ్ల పేర్లుంటాయి. ఆయన పేరున్న తీర్పు ఒకటి వెతికి, ఏ ప్రశ్న మీద వాదించారో రెండు వాక్యాల్లో చెబితే పది విశేషణాల పెట్టు.

పెద్ద పొరపాటు జరిగేదీ ఇక్కడే. కక్షిదారు చెప్పిన రహస్యం వకీలు పోయినా రహస్యమే. దాన్ని విప్పే హక్కు కక్షిదారుది, వకీలు పిల్లలది కాదు. ‘ఫలానావారి ఆస్తి తగాదా నాన్నగారే తీర్చారు’ అని అభిమానంతో రాసినా తప్పే. తీర్పులో బహిరంగంగా ఉన్నంతవరకే ముట్టుకోవాలి. విడాకులు, పిల్లల సంరక్షణ, అత్యాచారం కేసుల్లో అదీ వద్దు.

ఇంటి సంగతి తీసుకుంటే, పిల్లలు ఎరిగిన మనిషి వేరు, మనవలు ఎరిగిన మనిషి వేరు. రేపటి వాయిదాకు తలుపు మూసుకుని కట్ట చదివే నాన్న పిల్లలకు గుర్తు, తీరిక దొరికిన తాత మనవలకు గుర్తు. అందుకే విడివిడిగా అడగాలి. ఆయన చేతులతో చేసిన ఒక్క పని చెప్పమనాలి: పుస్తకాలకు అట్టలు వేశారా, భార్య మందుల డబ్బా వారంవారం సర్దారా? అలాంటిది ఒకటి దొరికితే ‘కుటుంబమంటే ప్రాణం’ అన్న వాక్యం కొట్టేయొచ్చు. కేసు ఓడిన రోజు ఇంటికి ఎలా వచ్చేవారో మాత్రం భార్యకే తెలుస్తుంది. ఆవిడను మొదట అడగాలి, తొందరపెట్టకూడదు.

కుటుంబసభ్యుల పేర్లు సరిచూసే పని ఒక్కరికే అప్పగించాలి. మనవరాలి పేరొకటి జారిపోయిందా, మిగతా వ్యాసం ఎవరికీ గుర్తుండదు. ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోయి అచ్చులో మసకబారుతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. పాత ఫొటో అయితే 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించాలి.

మీకొక మనవి. వకీలు పోయారన్న వార్త చదివేవారిలో, తమ అసలు దస్తావేజులు, వీలునామాలు ఆయన బీరువాలో ఉన్నవారూ ఉంటారు. ఇంట్లోవాళ్లు పాత కాగితాలనుకుని తూకానికి వేసేస్తే మళ్లీ దొరకవు. సంస్మరణ ప్రకటన తీసుకునేటప్పుడే ‘కక్షిదారుల కాగితాలు ఎవరి దగ్గరున్నాయి, ఎప్పుడు వచ్చి తీసుకోవచ్చు’ అన్న ఒక్క లైను మీ సిబ్బంది అడిగి వేయించాలి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు రాయించుకోమని కుటుంబానికి చెప్పాలి. సీలు వేసిన వీలునామా కవరైతే విప్పకూడదు. రాసినవారు బతికుండగా వారి చేతికే ఇవ్వాలి, కొడుకులూ కూతుళ్లూ వచ్చి అడిగినా సరే.

– న్యాయవాద వృత్తిలో ఉన్న కొందరు పాఠకులు